పాత కంపెనీ పీఎఫ్‌ను ఎన్‌పీఎస్‌లోకి మార్చుకోవడం: ఒడిశా సరిహద్దు తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో పాత పీఎఫ్ ఖాతా ఒకటి మరుగున పడి ఉండటం మామూలే. విశాఖలో ఫార్మా కంపెనీలోనో, హైదరాబాద్‌లో సెక్యూరిటీ ఏజెన్సీలోనో, రాయగడ పక్కన మిల్లు కాంట్రాక్టర్ కిందో కొన్నేళ్లు చేసి ఊరికి తిరిగొచ్చి షాపు పెట్టుకున్నవాళ్లు చాలామంది. ఆ డబ్బు అక్కడే ఉంది, దాన్ని తెచ్చి ఎన్‌పీఎస్ అనే జాతీయ పెన్షన్ పథకంలో వేసుకుంటే ఎక్కడ పెట్టాలో మనమే చూసుకోవచ్చు కదా అని ఇప్పుడు అడుగుతున్నారు. చూసుకోవచ్చు. కాకపోతే ఇందులో అసలు పని ఎన్‌పీఎస్ దగ్గర లేదు. ఆ ఖాతా ఇంట్లో కూర్చుని తెరిచేయొచ్చు. పాత పీఎఫ్‌ను కదిలే స్థితికి తీసుకురావడమే కష్టం. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందుగా: మీ పీఎఫ్‌లో రెండు మూటలున్నాయి

మీ జీతం నుంచి (బేసిక్, డీఏ కలిపి) 12 శాతం కోస్తారు. కంపెనీ కూడా 12 శాతం వేస్తుంది. కంపెనీ వాటాలో 8.33 శాతం ఈపీఎస్ అనే పెన్షన్ పథకానికి పోతుంది. దీనికి జీతం పరిమితి 15,000, కాబట్టి నెలకు 1,250 రూపాయలు మించదు. మిగిలింది, మీ 12 శాతంతో కలిసి, ఈపీఎఫ్ అనే భవిష్య నిధిలో పడుతుంది.

ఈపీఎఫ్ మూట మీ పేరున పెరిగే సొమ్ము, దాన్ని కదపొచ్చు. ఈపీఎస్ అలా కాదు. పాస్‌బుక్‌లో పెన్షన్ కాలమ్‌లో కనిపించే మొత్తం మీకు వచ్చే మొత్తం కాదు. అక్కడ వచ్చేది మీ సర్వీసు ఏళ్లను బట్టి లెక్కవుతుంది. ఈపీఎస్‌ను ఎన్‌పీఎస్‌కు బదిలీ చేసే దారి లేదు. ఎవరైనా "మొత్తం ట్రాన్స్‌ఫర్ చేయించేస్తాం" అంటే వాళ్లకు విషయం తెలియదు, లేదా మీకు తెలియదనుకుంటున్నారు.

అసలు మార్చాలా?

2024-25కి ఈపీఎఫ్ వడ్డీ 8.25 శాతం. మార్కెట్ పడినా ఆ వడ్డీ తగ్గదు. ఉద్యోగం మానేసినా 58 ఏళ్ల వరకు వడ్డీ పడుతూనే ఉంటుంది. మూడేళ్లు దాటితే వడ్డీ ఆగిపోతుందని చాలామంది భయపడతారు, చిన్న వయసులో మానేసినవారికి అది వర్తించదు. అయితే మానేసిన తరువాత పడే వడ్డీ పన్నుకు లోబడుతుంది, రిటర్నులో చూపించాలి.

55 దాటినవారు, రిస్కు అంటే నిద్ర పట్టనివారు ఈపీఎఫ్‌ను అక్కడే ఉంచి వివరాలు మాత్రం సరిచేయించుకుంటే చాలని నా అభిప్రాయం. ముప్పై, నలభై ఏళ్ల వయసులో ఉండి, ఇకపై పీఎఫ్ ఉన్న ఉద్యోగం చేసే ఉద్దేశం లేక, ఏటా కొంత సొంతంగా దాచుకోదలచినవారికి ఎన్‌పీఎస్ సరిపోతుంది. అందులో వాటా షేర్లలో పెట్టొచ్చు, ఫండ్ మేనేజర్‌ను మార్చుకోవచ్చు. మధ్యలో అవసరమొచ్చి తీసేద్దామనుకుంటే మాత్రం అది కష్టం. 60కి ముందే బయటికి రావాలంటే, మొత్తం చిన్నదైతే తప్ప, సాధారణంగా 80 శాతం యాన్యుటీలో, అంటే నెలనెలా పెన్షన్ ఇచ్చే బీమా పథకంలో, పెట్టాల్సి ఉంటుంది.

1. ఖాతా ఎక్కడుందో పట్టుకోండి

2014 తరువాత పనిచేసి ఉంటే 12 అంకెల యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఒకే నంబరు) ఉంటుంది. పాత జీతం స్లిప్పు మీద చూడండి. రిజిస్టరైన ఫోన్ నుంచి 99660 44425కు మిస్డ్ కాల్ ఇస్తే నిల్వ మెసేజ్‌గా వస్తుంది. అదే నంబరు పోయి ఉంటే ముందు ఆధార్‌కు కొత్త నంబరు ఎక్కించుకోండి. ఆధార్ ఓటీపీ లేకుండా ఇకపై చెప్పేవేవీ జరగవు. యూఏఎన్ యాక్టివేషన్ ఇప్పుడు ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి చేయొచ్చు.

అంతకు ముందు ఖాతాలకు పాత పీఎఫ్ నంబరే ఆధారం. దాని మొదటి అక్షరాలు రాష్ట్రాన్ని, ఆఫీసును చెబుతాయి. ఇది గమనించాలి: మీరు పర్లాకిమిడిలో ఉన్నా, కంపెనీ విశాఖదైతే ఖాతా విశాఖ ఆఫీసుదే. బరంపురం ప్రాంతీయ కార్యాలయంలో దాన్ని సెటిల్ చేయరు.

పాస్‌బుక్ తెరిస్తే పెన్షన్ తప్ప పీఎఫ్ నిల్వ కనిపించకపోతే కంగారు పడొద్దు. మీ కంపెనీకి సొంత పీఎఫ్ ట్రస్టు ఉండొచ్చు, అలాంటి సంస్థల లెక్క ట్రస్టు దగ్గరే ఉంటుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, ఆరో మెట్టులో దారి మారేది ఇక్కడే.

2. పేరు

మావైపు క్లెయిములు తిరిగొచ్చేది ఎక్కువగా ఇక్కడే. విశాఖలో చేరినప్పుడు హెచ్‌ఆర్ గుమాస్తా ఇంటిపేరు ముందు పెట్టి తెలుగు పద్ధతిలో రాసుకుంటాడు. ఒడిశాలో స్కూలు సర్టిఫికెట్, ఆధార్ ఒడియా నుంచి ఇంగ్లిష్‌లోకి ఎక్కుతాయి. ఒడియా రాతలో 'వ' తరచు 'బ' అవుతుంది, 'య' కొన్నిచోట్ల 'జ' అవుతుంది. అలా కంపెనీ రికార్డులో పొట్నూరు వెంకటరావుగా ఉన్న మనిషి ఆధార్‌లో బెంకట రావు పొట్నూరు అవుతాడు. పాన్‌లో ఇంటిపేరు పొట్టి అక్షరమై మూడో రూపం వస్తుంది. ఊళ్లో అందరికీ ఇతనే అతనని తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు.

ఏది దేనికి సరిపోవాలి? ఆధార్‌ను ఆధారంగా పెట్టుకుని మిగతావి దానికి కలపడమే సులువు, ఆధార్‌లో అక్షరం కాస్త వంకరగా ఉన్నా సరే. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోవచ్చు. మార్చిన ప్రతిసారీ రేషన్ కార్డు, బ్యాంకు, గ్యాసు అన్నీ మళ్లీ తిరగాలి. ఆధార్‌లో పేరు మరీ వేరే మనిషిలా ఉంటే తప్ప దాన్ని ముట్టుకోకండి. పాన్, బ్యాంకు ఖాతా, పీఎఫ్ మూడూ ఆధార్ వైపుకు తెచ్చుకోండి.

పీఎఫ్‌లో మార్పుకు జాయింట్ డిక్లరేషన్ (వివరాలు సరిచేయమని అడిగే దరఖాస్తు) పెట్టాలి. యూఏఎన్ 2017 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ ఆధార్‌తో వచ్చి ఉంటే, పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, చేరిన తేదీ, మానేసిన తేదీ వంటివి కంపెనీ ఆమోదం లేకుండా మీరే ఆన్‌లైన్‌లో సరిచేసుకోవచ్చని 2025 జనవరిలో వెసులుబాటు ఇచ్చారు. అంతకు ముందు యూఏఎన్ అయితే పాత కంపెనీ ఆమోదం కావాలి. కంపెనీయే మూతపడితే కాగితం మీద డిక్లరేషన్ నింపి, గెజిటెడ్ అధికారి, బ్యాంకు మేనేజరు వంటివారి సంతకంతో సంబంధిత ఆఫీసుకు ఇవ్వాలి. పుట్టిన తేదీకి ఆధార్‌ను రుజువుగా తీసుకోవడం 2024 జనవరిలో ఆపేశారు. జనన ధ్రువపత్రమో మెట్రిక్ సర్టిఫికెట్టో దగ్గర పెట్టుకోండి.

ఈ మెట్టు పూర్తికాకుండా క్లెయిము వేయకండి. ఒకసారి రిజెక్ట్ అయితే కారణం రెండు ముక్కల్లో వస్తుంది, అది అర్థం చేసుకోవడానికే ఇంకో టెన్షన్.

3. మానేసిన తేదీ, ఖాతాలు కలపడం

కంపెనీ మీ ఎగ్జిట్ తేదీ ఎక్కించకపోతే సిస్టమ్ దృష్టిలో మీరింకా అక్కడే ఉద్యోగి. చివరి చందా పడి రెండు నెలలు దాటితే ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ నడిపే కేంద్ర సంస్థ) మెంబర్ పోర్టల్‌లో 'మేనేజ్' కింద 'మార్క్ ఎగ్జిట్'లో మీరే వేసుకోవచ్చు. చివరి చందా పడిన నెలలోని తేదీనే వేయండి.

రెండు మూడు కంపెనీల్లో చేసి ఉంటే పాతవాటిని చివరి ఖాతాలోకి ఫారం 13తో కలపండి. ఇది డబ్బు ఒకచోటికి రావడానికి మాత్రమే కాదు. పన్ను లెక్కలో ఐదేళ్లు, పెన్షన్ లెక్కలో పదేళ్లు, రెండూ సర్వీసు కలిస్తేనే నిండుతాయి. మూడేళ్లు విశాఖలో, రెండున్నరేళ్లు రాయగడలో చేసినవాడు కలపకుండా విడివిడిగా తీస్తే రెండింటి మీదా పన్ను కట్టాలి. కలిపి తీస్తే ఐదేళ్లు దాటినట్టు.

కలిపాక డబ్బు వచ్చిందని ఊరుకోకండి. అనెక్షర్-కె అనే పత్రం దించుకుని చూడండి, ఇప్పుడది మెంబర్ పోర్టల్‌లోనే దొరుకుతోంది. పాత కంపెనీలో చేరిన తేదీ, మానేసిన తేదీ, పెన్షన్ సర్వీసు అందులో సరిగా ఉండాలి. డబ్బు వచ్చి సర్వీసు రాకపోతే తరువాత పోరాడటం కష్టం.

4. పెన్షన్ మూట: ఇక్కడ తొందరపడొద్దు

నెట్ సెంటర్‌లో ఫారం 19తో పాటు 10సీ కూడా ఒక్క నొక్కుతో పెట్టేస్తారు. 19 పీఎఫ్ మొత్తం తీయడానికి. 10సీ పెన్షన్ సొమ్ము వెనక్కి తీసుకోవడానికి. 10సీతో డబ్బు తీసుకుంటే ఆ ఏళ్ల సర్వీసు అక్కడితో పోయినట్టే.

సర్వీసు పదేళ్లు నిండితే ఎలాగూ తీయనివ్వరు, 58కి పెన్షన్ వస్తుంది. కావాలంటే 50 నుంచే తీసుకోవచ్చు, ముందుకు జరిపిన ప్రతి ఏడాదికీ 4 శాతం తగ్గుతుంది. చివర్లో ఆరు నెలలు, ఆపైన ఉన్న ముక్కను ఏడాదిగా లెక్కేస్తారు, కాబట్టి తొమ్మిదిన్నరేళ్లు ఉంటే పదేళ్ల కింద వస్తారు. పదేళ్ల లోపువారికి రెండు దారులు: డబ్బు తీసుకోవడం, లేదా అదే 10సీలో స్కీమ్ సర్టిఫికెట్ అడగడం. సర్టిఫికెట్ ఉంటే రేపు ఎక్కడైనా పీఎఫ్ ఉన్న పనిలో చేరినప్పుడు పాత ఏళ్లు కలుస్తాయి.

ఏది మేలో లెక్కే చెప్పనివ్వండి. 2014 సెప్టెంబరు తరువాత చేరి 15,000 పరిమితి మీద తొమ్మిదేళ్లు చేసినవారికి 10సీ కింద జీతానికి 9.33 రెట్లు, అంటే 1,39,950 రూపాయలు వస్తాయి. ఇంకో ఆరు నెలలు పనిచేసి పదేళ్లు అనిపించుకుంటే పెన్షన్ సూత్రం 15,000 గుణించు 10, భాగించు 70. నెలకు సుమారు 2,143. ఏడాదికి 25,716.

ఆ మనిషికి ఇప్పుడు 48 ఏళ్లనుకోండి. 1,39,950ని 8 శాతం మీద పదేళ్లు పెంచితే దాదాపు 3.02 లక్షలు. దానిమీద ఏడాదికి 25,716 రావాలంటే 8.5 శాతం కావాలి, అదీ జీవితాంతం. పోయాక భార్యకో భర్తకో సగం పెన్షన్ కూడా ఉంది. కాబట్టి సర్టిఫికెట్ తీసుకుని ఆరు నెలలు ఎక్కడైనా చేయడమే లాభం. అదే మనిషి వయసు 41 అయితే? పదిహేడేళ్లలో ఆ డబ్బు 5.18 లక్షల దాకా అవుతుంది. అప్పుడు పెన్షన్ దానిమీద 5 శాతమే. లెక్క ప్రకారం డబ్బు తీసి ఎన్‌పీఎస్‌లో పెట్టడమే మెరుగు. పైగా ఈపీఎస్ పెన్షన్ ధరలతో పాటు పెరగదు.

షరతు ఒక్కటే: ఆ డబ్బు నిజంగా ఎన్‌పీఎస్‌లోకి వెళ్లాలి. ఇంటి స్లాబుకు, చెల్లెలి పెళ్లికి వెళ్తే పైన వేసిన లెక్క చెల్లదు. తీసుకున్న వారంలోనే వేయలేననుకునేవారు వయసు ఎంతైనా సర్టిఫికెట్ తీసుకోండి.

5. ఎన్‌పీఎస్ ఖాతా ముందే తెరిచి పెట్టుకోండి

పీఎఫ్ డబ్బు రాకముందే ఇది అయిపోవాలి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా ఉంటే ఈ-ఎన్‌పీఎస్ వెబ్‌సైట్‌లో తెరవొచ్చు, లేదా బ్యాంకు ద్వారా. 12 అంకెల ప్రాన్ (మీ ఎన్‌పీఎస్ ఖాతా నంబరు) వస్తుంది. టైర్-1 ఖాతాయే రిటైర్మెంటుది. టైర్-2 మామూలు పొదుపు లాంటిది, దానికి ఈ పనితో సంబంధం లేదు. ఒక్కో జమ కనీసం 500, ఏడాదికి కనీసం 1,000. పైన పరిమితి లేదు. బ్యాంకు ఖాతాను ఒక రూపాయి వేసి పేరు సరిచూస్తారు, రెండో మెట్టు చేసి ఉంటే ఇక్కడ ఇబ్బంది రాదు.

6. డబ్బు కదపడం

*మీది ట్రస్టు పీఎఫ్ గానీ, కంపెనీ సూపరాన్యుయేషన్ ఫండ్ (రిటైర్మెంటు నిధి) గానీ అయితే* నేరుగా బదిలీ చేయొచ్చు. 2017 మార్చిలో ఎన్‌పీఎస్‌ను నియంత్రించే పీఎఫ్‌ఆర్‌డీఏ దీని పద్ధతి చెప్పింది. ట్రస్టుకు రాతపూర్వకంగా అడగండి, ప్రాన్ వివరం జతచేయండి. ట్రస్టు ఇచ్చే చెక్కు మీ పేరున ఉండకూడదు. మీ ఎన్‌పీఎస్ చూసే బ్యాంకు (పీఓపీ) పేరు, కలెక్షన్ అకౌంట్, ఎన్‌పీఎస్ ట్రస్ట్, మీ పేరు, ప్రాన్ ఆ వరుసలో ఉండాలి. ఇది పీఎఫ్ నుంచి ఎన్‌పీఎస్ టైర్-1కు బదిలీ అని చెప్పే లేఖ కూడా తీసుకుని పీఓపీకి ఇవ్వండి. ఆ లేఖ లేకపోతే మామూలు చందాగా ఎక్కించేస్తారు. ఇలా వచ్చిన సొమ్ము మీ ఆదాయంగా లెక్కకు రాదు, పన్ను మినహాయింపుకూ పనికిరాదు.

*మీది ఈపీఎఫ్‌ఓ దగ్గరున్న మామూలు ఖాతా అయితే* మెంబర్ పోర్టల్‌లో ఎన్‌పీఎస్ అనే బటన్ వెతికి లాభం లేదు. ఆచరణలో ఉన్న దారి, ఫారం 19తో తీసి మీ చేతులతో ఎన్‌పీఎస్‌లో వేయడం. ప్రస్తుతం పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో ఉంటే ఇది కుదరదు, పాతదాన్ని కొత్తదానిలో కలుపుకోవాలి, అంతే.

మానేసి ఎన్నాళ్లయిందన్నదీ చూస్తారు. ఇన్నాళ్లూ రెండు నెలలు ఖాళీగా ఉంటే మొత్తం తీయనిచ్చేవారు. 2025 అక్టోబరు 13న ఈపీఎఫ్‌ఓ ట్రస్టీల బోర్డు పూర్తి సెటిల్‌మెంటుకు ఈ గడువును 12 నెలలకు, పెన్షన్ సొమ్ముకు 36 నెలలకు పెంచాలని నిర్ణయించింది. మానేసి ఐదారేళ్లయినవారికి ఈ గడువులు అడ్డు కావు. నిన్నమొన్న మానేసినవారు పోర్టల్‌లో ఏది అమల్లో ఉందో చూసి క్లెయిము వేయండి.

పన్ను మాట. సర్వీసు (కలిపి) ఐదేళ్లు దాటితే పీఎఫ్ మీద పన్ను లేదు, మానేశాక పడిన వడ్డీ తప్ప. ఐదేళ్ల లోపు, 50,000 పైబడితే 10 శాతం టీడీఎస్ కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే కోత వద్దని డిక్లరేషన్ ఇవ్వొచ్చు, ఇన్నాళ్లూ దాన్ని 15జీ అంటున్నాం. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి ఫారాల, సెక్షన్ల నంబర్లు కొత్తవి చూసుకోవాలి.

చుట్టూ తిరిగే ఈ దారిలో ఒక లాభముంది. నేరుగా బదిలీ అయిన డబ్బుకు మినహాయింపు లేదు, మీ చేతులతో వేసిన డబ్బుకు ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవారికి 1.5 లక్షలకు పైన ఇంకో 50,000 దాకా తగ్గుతుంది. ఐదేళ్లు దాటిన పీఎఫ్‌ను పన్ను లేకుండా తీసి, మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత వేస్తే రెండు సంవత్సరాలకూ మినహాయింపు వస్తుంది. కొత్త విధానంలో ఉన్నవారికి సొంత చందా మీద ఈ లాభం లేదు.

7. వేశాక ఎక్కడ పెట్టాలి

యాక్టివ్ ఛాయిస్ తీసుకుంటే షేర్లు, కంపెనీ బాండ్లు, ప్రభుత్వ బాండ్ల వాటాలు మీరే రాస్తారు. మామూలు పథకంలో షేర్లు 75 శాతం దాకా పెట్టొచ్చు. 2025 అక్టోబరు నుంచి 100 శాతం షేర్ల పథకాలూ వచ్చాయి, జీవితంలో ఇదొక్కటే పొదుపు అయినవారు వాటి జోలికి వెళ్లొద్దంటాను. ఆటో ఛాయిస్‌లో వయసుతో పాటు షేర్ల వాటా దానంతటదే తగ్గుతుంది. షాపు చూసుకునే మనిషికి అదే హాయి. వాటాలను ఏడాదిలో నాలుగుసార్లు, ఫండ్ సంస్థను ఒకసారి మార్చుకోవచ్చు.

మొత్తం ఒకేరోజు షేర్లలో పడాలనేమీ లేదు. మొదట వాటా తక్కువ పెట్టి, ఏడాదిలో రెండు మూడుసార్లుగా పెంచుకోండి.

60లో బయటికొచ్చేటప్పుడు, 2025 డిసెంబరు సవరణ ప్రకారం, ప్రభుత్వ ఉద్యోగులు కానివారు మొత్తం 8 లక్షల లోపైతే అంతా తీసుకోవచ్చు. 12 లక్షలు దాటితే 80 శాతం దాకా తీసి, కనీసం 20 శాతంతో యాన్యుటీ కొనాలి. పన్ను చట్టం మాత్రం 60 శాతానికే మినహాయింపు ఇస్తూ వచ్చింది. పైన తీసే 20 శాతం దగ్గర ఆగి ఆలోచించండి.

ఎక్కడైనా ఆగిపోతే

ప్రతి నెలా 27న ఈపీఎఫ్‌ఓ అన్ని జిల్లాల్లో 'నిధి ఆప్కే నికట్' శిబిరం పెడుతుంది, ఆ రోజు సెలవైతే మరుసటి పనిదినం. గజపతి, రాయగడ, కోరాపుట్ నుంచి బరంపురం దాకా పోకుండా మీ జిల్లాలోనే అడగొచ్చు. యూఏఎన్, ఆధార్, పాన్, పాస్‌బుక్ ప్రింటు, రిజెక్షన్ మెసేజ్ తీసుకెళ్లండి. ఖాతా విశాఖ, హైదరాబాద్ ఆఫీసులదైతే ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదుల పోర్టల్ ఈపీఎఫ్ఐజీఎంఎస్‌లో ఆన్‌లైన్ ఫిర్యాదు పెట్టి, ఆ రిజిస్ట్రేషన్ నంబరు కూడా వెంట ఉంచుకోండి. క్లెయిముకు నియమం ప్రకారం 20 రోజులు. అవి దాటాకే ఫిర్యాదు పెడితే బలం.

శాతం మీద పని చేసిపెడతామనే ఏజెంట్లకు ఓటీపీ చెప్పకండి. ఈ పనులకు ఈపీఎఫ్‌ఓ ఫీజు తీసుకోదు. నెట్ సెంటర్‌లో ప్రింటు, స్కానింగ్ డబ్బులు ఇవ్వండి, పాస్‌వర్డ్ మాత్రం మీరే టైపు చేయండి.

ఇంకొకటి. పీఎఫ్‌లో పెట్టిన నామినీ ఎన్‌పీఎస్‌కు రాదు. పెళ్లికి ముందు అమ్మ పేరు రాసి వదిలేసినవారు చాలామంది, పీఎఫ్‌లోనైతే పెళ్లితో ఆ పాత నామినేషన్ చెల్లకుండా పోతుంది. స్కీమ్ సర్టిఫికెట్ తీసుకున్నవారు దానిలో కుటుంబ వివరాలు సరిచూసుకోండి, ఎన్‌పీఎస్‌లో నామినీని ప్రాన్ వచ్చిన రోజే నింపండి. అక్కడా పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయండి.